ముందు కొట్టివేత, ఆ తర్వాతే గుణకారం: భిన్నాల లెక్క తప్పుల్లేకుండా చేసే విధానం

పావు కిలోలో సగం ఎంత అని కిరాణా కొట్టులో ఎవరిని అడిగినా నూటపాతిక గ్రాములని తడుముకోకుండా చెబుతారు. అదే మనిషికి కాగితం మీద 1/2 × 1/4 అని రాసిచ్చి విలువ కనుక్కోమంటే, హారాలు సమానం చేయాలా, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) తీయాలా, అడ్డంగా గుణించాలా అని ఆలోచనలో పడతారు. రెండూ ఒకే లెక్క. పావులో సగం అంటే 1/4 లో 1/2, అంటే 1/8 కిలో, అంటే 125 గ్రాములు. భిన్నాల గుణకారంలో గుణకారపు గుర్తుకు అర్థం తెలుగులో ‘లో’ అనే ఒక్క అక్షరమని ముందుగా మనసులో పెట్టుకుంటే, ఇక్కడి నుంచి చెప్పబోయే ప్రతి పద్ధతీ ఎందుకు అలా ఉందో మీకే అర్థమవుతుంది.

ఈ వ్యాసం ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు, వారిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించే తల్లిదండ్రులకు, పోటీ పరీక్షల కోసం మరిచిపోయిన లెక్కలు మళ్లీ మొదలుపెట్టిన వారికి ఉపయోగపడేలా రాస్తున్నాను. చదువుతూ పోకుండా, ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని ప్రతి ఉదాహరణనూ మీ చేత్తో వేసి చూడండి.

పేర్లు, చదివే తీరు

భిన్నంలో గీతకు పైన ఉన్న సంఖ్య లవం, కింద ఉన్న సంఖ్య హారం. మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశామో హారం చెబుతుంది, వాటిలో ఎన్ని తీసుకున్నామో లవం చెబుతుంది. 3/8 ని తరగతి గదిలో ‘మూడు బై ఎనిమిది’ అని చదివేస్తాం గానీ, తెలుగులో దాని అసలు పేరు ‘ఎనిమిదింట మూడు వంతులు’. ఈ పేరులో హారం ముందు వస్తుంది: ముందు ఎనిమిది భాగాలు చేయి, తర్వాత మూడు తీసుకో అన్న క్రమం మాటలోనే ఉంది. పిల్లలకు నేర్పేటప్పుడు కొన్నాళ్లు ఈ పేరుతోనే చదివించండి, లవహారాలు తారుమారు చేసే అలవాటు చాలావరకు తగ్గుతుంది.

లవం హారం కన్నా చిన్నదైతే క్రమ భిన్నం, సమానమైనా పెద్దదైనా అపక్రమ భిన్నం, 2½ లాగా పూర్ణాంకం, భిన్నం కలిసి ఉంటే మిశ్రమ భిన్నం. ఈ మూడు పేర్లు చాలు.

గుణకారం: పైది పైదానితో, కిందిది కిందిదానితో

నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. లవాలను లవాలతో గుణిస్తే వచ్చేది కొత్త లవం, హారాలను హారాలతో గుణిస్తే వచ్చేది కొత్త హారం. కూడికలో, తీసివేతలో లాగా హారాలను సమానం చేయవలసిన అవసరం ఇక్కడ లేదు.

ఎందుకు లేదో ఒకసారి కళ్లారా చూడండి. 9 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉండేలా ఒక కాగితం ముక్క కత్తిరించండి. వెడల్పును మూడు సెంటీమీటర్లకొకటి చొప్పున నిలువు గీతలతో మూడు పట్టీలుగా విభజించి, వాటిలో రెండింటికి పెన్సిలుతో ఏటవాలు గీతలు గీయండి. గీతలు పడిన భాగం కాగితంలో 2/3. ఇప్పుడు పొడవును కూడా మూడు సెంటీమీటర్లకొకటి చొప్పున అడ్డగీతలతో ఐదు వరసలుగా విభజించి, పై నాలుగు వరసలకు ఎదురు దిశలో ఏటవాలు గీతలు గీయండి. కాగితమంతా మూడు సెంటీమీటర్ల చదరపు గళ్లుగా మారి ఉంటుంది. లెక్కపెడితే మొత్తం గళ్లు 3 × 5 = 15, రెండు రకాల గీతలూ పడి జల్లెడలా కనిపించే గళ్లు 2 × 4 = 8. అంటే 2/3 లో 4/5 వంతు 8/15 అయింది. హారాలను గుణించినప్పుడు మనం చేసిన పని కాగితంలోని మొత్తం గళ్లను లెక్కపెట్టడం, లవాలను గుణించినప్పుడు చేసిన పని జల్లెడ గళ్లను లెక్కపెట్టడం.

పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఇక్కడే వస్తుంది: గుణిస్తే పెరగాలి కదా, తగ్గిందేమిటి? 8/15 అనేది 2/3 కన్నా చిన్నదే, అలా ఉండడమే సరైనది, ఎందుకంటే ఉన్న దానిలో కొంత వంతు మాత్రమే మనం తీసుకున్నాం. ఒకటి కన్నా పెద్ద సంఖ్యతో గుణిస్తే పెరుగుతుంది, ఒకటి కన్నా చిన్న దానితో గుణిస్తే తగ్గుతుంది. పాత కొలతలు తెలిసిన ఇళ్లలో ఈ సందేహమే రాదు: తవ్వలో సగం సోల, సోలలో నాలుగో వంతు గిద్ద, కాబట్టి గిద్ద తవ్వలో 1/2 × 1/4, అంటే ఎనిమిదో వంతు. వంతులో వంతు తీసుకున్నకొద్దీ పాత్ర చిన్నదవుతుందని చూసిన వారికి వేరే నిరూపణ అక్కర్లేదు.

సూక్ష్మీకరణ: విలువ మారకుండా సంఖ్యలను తగ్గించడం

6/8, 3/4 చూడడానికి వేరు, విలువకు ఒకటే. ఎనిమిది ముక్కలుగా కోసిన కొబ్బరి బర్ఫీలో ఆరు ముక్కలు తీసుకున్నా, నాలుగు ముక్కలుగా కోసి మూడు తీసుకున్నా పళ్లెంలో పడేది అంతే. లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో భాగించినంతకాలం భిన్నం విలువ మారదు, ఇక ఒకటి తప్ప వేరే ఏ సంఖ్యా రెండింటినీ నిశ్శేషంగా భాగించలేని స్థితికి వచ్చిన భిన్నాన్ని సూక్ష్మ రూపంలో ఉన్నదంటారు. కొన్ని పుస్తకాల్లో దీనినే కనిష్ఠ రూపం అని కూడా రాస్తారు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది మెట్టు మెట్టుగా దిగడం. 84/126 తీసుకోండి. రెండూ సరి సంఖ్యలే కాబట్టి రెండో ఎక్కంలో కొట్టివేస్తే, అంటే పైనా కిందా రెండుతో భాగిస్తే, 42/63 వస్తుంది. 4 + 2 = 6, 6 + 3 = 9, రెండు మొత్తాలూ మూడో ఎక్కంలో ఉన్నాయి కాబట్టి సంఖ్యలు కూడా మూడో ఎక్కంలో పోతాయి: 14/21. ఏడో ఎక్కంలో కొడితే 2/3. ఇక తగ్గదు. ఈ దారిలో నడవడానికి కొన్ని భాజనీయతా సూత్రాలు నోటికి రావాలి. చివరి అంకె 0, 2, 4, 6, 8 అయితే రెండుతో, 0 లేదా 5 అయితే ఐదుతో, అంకెల మొత్తం మూడుతో పోతే మూడుతో, తొమ్మిదితో పోతే తొమ్మిదితో, చివరి రెండంకెల సంఖ్య నాలుగుతో పోతే నాలుగుతో ఆ సంఖ్య నిశ్శేషంగా పోతుంది. పదకొండుకు అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి, మిగిలిన వాటి మొత్తంతో తేడా చూడాలి. ఆ తేడా సున్నా గానీ పదకొండో ఎక్కంలోని సంఖ్య గానీ అయితే పదకొండుతో పోతుంది.

చాలామంది తప్పటడుగు వేసేది పెద్ద సంఖ్యల దగ్గర కాదు, 51, 57, 87, 91, 119, 133 లాంటి మధ్యస్థ సంఖ్యల దగ్గర. ఇవి ప్రధాన సంఖ్యల్లా అమాయకంగా కనిపిస్తాయి. నిజానికి 51 అంటే 3 × 17, 57 అంటే 3 × 19, 87 అంటే 3 × 29, 91 అంటే 7 × 13, 119 అంటే 7 × 17, 133 అంటే 7 × 19. 91/143 ను చూసి ‘ఇది ఇక పోదు’ అని వదిలేసిన వారు ఎందరో. పదమూడో ఎక్కంలో కొడితే అది 7/11. పదిహేనో ఎక్కం దాటి నేర్చుకోవడం దండగ అనుకునే వారికి నేను చెప్పేది ఒకటే, కనీసం 13, 17, 19 ఎక్కాలు పది వరకు నేర్చుకోండి, భిన్నాల్లో అవే ఎక్కువగా దాక్కుంటాయి.

రెండో దారి గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెండింటినీ నిశ్శేషంగా భాగించే సంఖ్యల్లో అతి పెద్దది) కనుక్కుని ఒకే దెబ్బలో కొట్టివేయడం. సంఖ్యలు పెద్దవై, ఏ ఎక్కంలో పోతాయో తోచనప్పుడు ఇదే మేలు. 391/493 ను చూడండి. రెండుతో పోవు, అంకెల మొత్తాలు 13, 16 కాబట్టి మూడుతో పోవు, ఐదుతో పోవు. ఇలాంటప్పుడు పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, వచ్చిన శేషంతో ముందటి భాజకాన్ని భాగిస్తూ పోవాలి. 493ను 391తో భాగిస్తే శేషం 102. 391ని 102తో భాగిస్తే శేషం 85. 102ను 85తో భాగిస్తే శేషం 17. 85ను 17తో భాగిస్తే శేషం సున్నా. చివరి భాజకం 17, అదే గ.సా.భా. పదిహేడో ఎక్కంలో 391 అంటే 23 సార్లు, 493 అంటే 29 సార్లు. కాబట్టి జవాబు 23/29. భాగహార పద్ధతి అని బడిలో చెప్పేది ఇదే. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ పేరుతో పిలిచే పద్ధతి కూడా ఇదే.

ఈ పద్ధతిలోని కిటుకును ఇంకా చిన్నది చేసుకోవచ్చు. రెండు సంఖ్యలను ఒక సంఖ్య నిశ్శేషంగా భాగిస్తే, వాటి తేడాను కూడా అది తప్పకుండా భాగిస్తుంది. కాబట్టి ముందు తేడా చూడండి. 493 − 391 = 102. 102 అంటే 2 × 3 × 17. రెండూ మూడూ పనికిరావని ముందే తేలింది, ఇక వెతకవలసింది పదిహేడొక్కటే. అసలు తేడా 1 అయితే వెతుకులాట కూడా అక్కర్లేదు: 35/36 సూక్ష్మ రూపంలోనే ఉంది.

రెండింటినీ కలిపి: గుణించే ముందే కొట్టివేయండి

ఈ వ్యాసంలో మీరు గుర్తుంచుకోవలసింది ఒక్కటే ఉంటే అది ఇదే. ముందు గుణించి తర్వాత సూక్ష్మీకరించడం తప్పు కాదు, కానీ చేతిలో ఉన్న చిన్న సంఖ్యలను పెద్దవిగా చేసుకుని, ఆ పెద్దవాటిని మళ్లీ చిన్నవి చేయడానికి కష్టపడడం అవుతుంది.

14/15 × 25/28 ను రెండు విధాలా చేసి చూద్దాం. నేరుగా గుణిస్తే లవం 14 × 25 = 350, హారం 15 × 28 = 420. ఇప్పుడు 350/420 ని పదో ఎక్కంలో కొడితే 35/42, ఏడో ఎక్కంలో కొడితే 5/6. రెండో విధంలో గుణించకుండా ముందు సంఖ్యలను చూస్తాం. పైన 14, కింద 28 ఉన్నాయి, పద్నాలుగో ఎక్కంలో కొడితే పైన 1, కింద 2 మిగులుతాయి. పైన 25, కింద 15 ఉన్నాయి, ఐదో ఎక్కంలో కొడితే పైన 5, కింద 3. మిగిలింది 1/3 × 5/2, జవాబు 5/6. మూడంకెల సంఖ్య ఒక్కటి కూడా రాయలేదు.

ఒక భిన్నం లవాన్ని వేరే భిన్నం హారంతో కొట్టివేయడం ఎలా చెల్లుతుందని అనుమానం రావచ్చు. గుణకారం పూర్తయ్యాక 14, 25 రెండూ ఒకే గీతకు పైన, 15, 28 రెండూ అదే గీతకు కింద చేరతాయి. (14 × 25)/(15 × 28) అని ఒకే పొడవైన గీత గీసి రాసుకుంటే, పైనున్న ఏ కారణాంకాన్నైనా కిందనున్న ఏ కారణాంకంతోనైనా కొట్టవచ్చని కళ్లకే కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే వారు కొన్నాళ్లు అలా ఒకే గీత మీద రాసి చేయడమే మంచిది.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. క్రీస్తుశకం 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడనే జైన గణితవేత్త తన ‘గణిత సార సంగ్రహం’లో భిన్నాల గుణకారానికి చెప్పిన సూత్రంలో, లవాలను లవాలతో, హారాలను హారాలతో గుణించాలని చెబుతూనే, వీలుంటే దానికి ముందు వజ్రాపవర్తన విధి జరపాలన్నాడు. అపవర్తనం అంటే ఉమ్మడి భాజకంతో తగ్గించడం. ఒక భిన్నం పైనుంచి ఇంకో భిన్నం కిందికి, రెండోదాని పైనుంచి మొదటిదాని కిందికి సాగే ఆ ఐమూల జోడింపే ఇక్కడి వజ్రం. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన అనే కవి తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పిల్లవాడు నోటుపుస్తకంలో ఏటవాలుగా గీసే రెండు కొట్టివేత గీతలకు వెయ్యేళ్లు దాటిన పేరుందన్నమాట.

ఇప్పుడు మూడు భిన్నాల లెక్క ఒకటి నెమ్మదిగా చేద్దాం: 9/16 × 20/21 × 14/15.

పైన 9, 20, 14 ఉన్నాయి. కింద 16, 21, 15 ఉన్నాయి. పైనున్న వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని, కింద దానికి జోడీ ఉందేమో చూస్తూ పోవాలి. 9, 21 మూడో ఎక్కంలో పోతాయి; 9ని కొట్టి దాని మీద 3, 21ని కొట్టి దాని కింద 7 రాయండి. 20, 16 నాలుగో ఎక్కంలో పోతాయి. 20 మీద 5, 16 కింద 4. 14కు ఇందాక మిగిలిన 7 జోడీ. 14 మీద 2, 7 స్థానంలో 1. ఇక్కడితో ఆగిపోకండి, ఎందుకంటే కొట్టివేతలో మిగిలిన సంఖ్యలు మళ్లీ ఒకదానితో ఒకటి పోవచ్చు. ఇప్పుడు పైన 3, 5, 2, కింద 4, 1, 15 ఉన్నాయి. 5, 15 ఐదో ఎక్కంలో పోతే 1, 3 మిగులుతాయి. ఆ 3తో పైనున్న 3 పోతుంది, 1, 1. చివరగా 2, 4 పోతే 1, 2. పైన అన్నీ ఒకట్లే, కింద 2 × 1 × 1. జవాబు 1/2. నేరుగా గుణించి ఉంటే 2520/5040 వచ్చేది, దాన్ని చూసి సగమని పోల్చుకోవడం అందరికీ వీలుపడదు.

ఇలాంటి లెక్కలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. కొట్టివేశాక మిగిలేది సున్నా కాదు, ఒకటి. 5ను 5తో భాగిస్తే 1 వస్తుంది కాబట్టి, పైనున్నవన్నీ పోయినంత మాత్రాన లవం సున్నా అయిపోదు. ‘అన్నీ పోయాయి కదా సార్, ఏమీ మిగల్లేదు, జవాబు సున్నా’ అని నా ముందు కూర్చుని ధైర్యంగా చెప్పిన పిల్లలు చాలామందే ఉన్నారు. అందుకే కొట్టివేసిన ప్రతిచోటా 1 అని రాయించడం నాకు అలవాటైంది. రెండో జాగ్రత్త చేతిరాతకు సంబంధించింది. కొట్టిన గీత సన్నగా, ఒక్కటే ఉండాలి, మిగిలిన సంఖ్యను లవానికైతే పైన, హారానికైతే కింద చిన్నగా రాయాలి. సంఖ్య కనిపించకుండా గజిబిజిగా గీకేస్తే తప్పు ఎక్కడ జరిగిందో మీకే తర్వాత తెలియదు.

పూర్ణాంకాలు, మిశ్రమ భిన్నాలు వచ్చినప్పుడు

పూర్ణాంకానికి కింద 1 వేసుకుంటే అది భిన్నమైపోతుంది. 5 × 2/3 అంటే 5/1 × 2/3 = 10/3. ఆ 1 వేయకపోవడం వల్ల ఐదుతో పైనా కిందా గుణించి 10/15 అని రాసేవారున్నారు. 10/15 అంటే మళ్లీ 2/3 నే, అంటే అయిదింతలు చేసినా ఏమీ పెరగలేదని చెప్పినట్టు.

మిశ్రమ భిన్నాన్ని తప్పనిసరిగా ముందు అపక్రమ భిన్నంగా మార్చాలి. పూర్ణాంకాన్ని హారంతో గుణించి, లవాన్ని కలిపితే కొత్త లవం వస్తుంది, హారం మారదు. 2½ అంటే 5/2, 1⅓ అంటే 4/3. వాటి లబ్ధం 5/2 × 4/3, ఇందులో 4, 2 పోతే 5/1 × 2/3 = 10/3 = 3⅓.

మార్చకుండా పూర్ణాంకాలను పూర్ణాంకాలతో, భిన్నాలను భిన్నాలతో గుణిస్తే 2 × 1 = 2, ½ × ⅓ = ⅙, కలిపి 2⅙ అని తప్పు జవాబు వస్తుంది. ఎక్కడ పోయిందో చూడాలంటే 2½ మీటర్ల పొడవు, 1⅓ మీటర్ల వెడల్పు ఉన్న చాపను ఊహించుకోండి. పొడవును 2, ½ గానూ, వెడల్పును 1, ⅓ గానూ విడగొడితే చాప నాలుగు ముక్కలవుతుంది. వాటి వైశాల్యాలు 2 × 1 = 2, 2 × ⅓ = ⅔, ½ × 1 = ½, ½ × ⅓ = ⅙. తప్పు పద్ధతి మొదటి ముక్కనూ చివరి ముక్కనూ మాత్రమే లెక్కలోకి తీసుకుని, మధ్యలోని రెండు ముక్కలను వదిలేసింది. నాలుగింటినీ కలపండి: 2 + 4/6 + 3/6 + 1/6 = 2 + 8/6 = 3⅓. సరిపోయింది.

పొలం పంపకం, నూటికి వడ్డీ

ఒక కుటుంబానికి 3¾ ఎకరాల పొలం ఉంది. ముగ్గురు అన్నదమ్ములు సమానంగా పంచుకున్నారు. వారిలో చిన్నవాడు తన వాటాలో ఐదింట రెండు వంతులు అమ్మాడు. అమ్మింది ఎంత? ‘లో’ వచ్చిన ప్రతిచోటా గుణకారం పెట్టుకుంటూ పోతే, 3¾ లో మూడో వంతులో ఐదింట రెండు వంతులు అన్నది 15/4 × 1/3 × 2/5 అవుతుంది. 15, 3 పోతే 5, 1. ఆ 5, కింది 5 పోతే 1, 1. 2, 4 పోతే 1, 2. మిగిలింది 1/2 ఎకరం. ఎకరానికి 100 సెంట్లని లెక్కించే ఆంధ్ర ప్రాంతంలో ఇది 50 సెంట్లు, 40 గుంటలని లెక్కించే తెలంగాణలో 20 గుంటలు. చదరపు గజాల్లో కావాలంటే ఎకరానికి 4840 కాబట్టి అందులో సగం, 2420. చిన్నవాడి వాటా ఎంతో విడిగా లెక్కకట్టి, దాన్ని దశాంశాల్లోకి మార్చి, మళ్లీ గుణించే శ్రమ ఇందులో లేదు.

వడ్డీ లెక్క చూడండి. మన దగ్గర చేబదులు వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని మాట్లాడుకుంటారు. నూటికి రూపాయిన్నర చొప్పున 15,000 రూపాయలు 8 నెలలకు తీసుకుంటే వడ్డీ ఎంత? రూపాయిన్నర అంటే 3/2, నూటికి అంటే 1/100, కాబట్టి లెక్క 15000 × 3/2 × 1/100 × 8. పైనున్న 15000లో రెండు సున్నాలు, కిందనున్న 100లో రెండు సున్నాలు కొట్టివేస్తే 150, 1 మిగులుతాయి. 8, 2 పోతే 4, 1. ఇక 150 × 3 × 4 = 1800 రూపాయలు. కాలిక్యులేటర్ తీసేలోపు నోటితోనే అయిపోతుంది. సున్నాలు కొట్టివేయడం కూడా పదో ఎక్కంలో కొట్టివేయడమే కాబట్టి పైన ఎన్ని కొడితే కింద సరిగ్గా అన్నే కొట్టాలి.

కొట్టకూడని చోట కొట్టడం

కొట్టివేత అనే మాటలోనే ఒక ప్రమాదం ఉంది. ఒకేలా కనిపించిన అంకెలను చెరిపేయడమే పని అనిపిస్తుంది. నిజానికి అది భాగహారం. పైనా కిందా ఒకే సంఖ్యతో భాగిస్తున్నామని గుర్తుంటే ఈ కింది తప్పులేవీ జరగవు.

కూడిక గుర్తు ఉన్నచోట కొట్టకూడదు. (6 + 5)/6 లో ఆరుకు ఆరు కొట్టి 5 అనో 6 అనో రాస్తారు. అసలు విలువ 11/6, రెండు కూడా నిండని సంఖ్య. లవం మొత్తాన్ని భాగించాలి గానీ దానిలో ఒక ముక్కను కాదు. గుణకారంతో ముడిపడిన సంఖ్యలనే కొట్టవచ్చు. 1/4 + 4/5 లో నాలుగుకు నాలుగు కొట్టడం కూడా ఇదే కోవలోని తప్పు, ఐమూలగా కొట్టడం రెండు భిన్నాల మధ్య గుణకారపు గుర్తు ఉన్నప్పుడే చెల్లుతుంది.

లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కొట్టకూడదు. 2/3 × 4/5 లో పైనున్న 2, 4 లను చూసి చేయి ఊరుకోదు. రెండూ పైనే ఉన్నాయి, కింద జోడీ లేదు, కాబట్టి అవి అలాగే ఉండాలి.

భాగహారం ఇచ్చినప్పుడు తిరగెయ్యకముందే కొట్టకూడదు. 3/4 ÷ 9/8 లో ముందు రెండో భిన్నాన్ని తిరగేసి, అంటే దాని వ్యుత్క్రమం రాసి, 3/4 × 8/9 చేసుకోవాలి. ఆ తర్వాతే 3, 9 లను, 8, 4 లను కొట్టాలి. జవాబు 2/3. తిరగేయకముందే కొడితే పైదానితో పోవలసినది కిందిదానితో పోయి లెక్క తలకిందులవుతుంది.

ఇక అంకెలను కొట్టడం. 16/64 లో ఆరుకు ఆరు చెరిపేస్తే 1/4 మిగులుతుంది, విచిత్రంగా అదే సరైన జవాబు. 19/95, 26/65, 49/98 లలో కూడా ఇలాగే కుదురుతుంది. రెండంకెల భిన్నాల్లో ఇలా కాకతాళీయంగా కుదిరేవి, 11/11, 22/22 లాంటివీ, సున్నాలు కొట్టేవీ పక్కనపెడితే, ఒకటి కన్నా చిన్నవి ఈ నాలుగే. 13/39 లో మూడుకు మూడు చెరిపితే 1/9 వస్తుంది, అసలు జవాబు 1/3. పిల్లలకు 16/64 చూపించి నవ్వించవచ్చు, కానీ వెంటనే 13/39 కూడా చూపించకపోతే మీరే ఒక చెడ్డ అలవాటు నేర్పినవారవుతారు.

మరొకటి కూడా ఉంది. a/b = c/d లాంటి సమీకరణంలో అడ్డంగా గుణించడం వేరు, గుణకారంలో ఐమూలగా కొట్టివేయడం వేరు. మధ్యలో సమానం గుర్తు ఉంటే మొదటిది, గుణకారపు గుర్తు ఉంటే రెండోది. బడిలో అనుపాతాలు మొదలయ్యాక ఈ రెండూ కలిసిపోయి 2/3 × 4/5 కు 10/12 అని జవాబు రాయడం మామూలే. గుర్తును వేలితో చూపించి నోటితో చదివిస్తే సర్దుకుంటుంది.

సరిచూసుకోవడం, సాధన

జవాబు రాశాక రెండు చూపులు చూడండి. మొదటిది పరిమాణం: 7/8 × 11/12 లాంటి లెక్కలో రెండూ ఒకటికి కొంచెం తక్కువ కాబట్టి లబ్ధం రెండింటికన్నా చిన్నదై, అయినా సగం కన్నా బాగా పెద్దదిగా ఉండాలి. వచ్చినది 77/96, నమ్మవచ్చు. 4⅔ × 2¼ లాంటి వాటిలో జవాబు 4 × 2 = 8 కి, 5 × 3 = 15 కి మధ్య ఉండాలి. రెండోది, ఇంకా ఏ ఎక్కంలోనైనా పోతుందా అని లవహారాల తేడాను ఒకసారి చూడడం. గుణించే ముందు అన్నీ పూర్తిగా కొట్టివేసి ఉంటే జవాబు తప్పకుండా సూక్ష్మ రూపంలోనే వస్తుంది, ఇంకా పోతుందంటే మధ్యలో ఏదో జోడీ మీ కన్నుగప్పిందని అర్థం.

చేసి చూడడానికి నాలుగు లెక్కలు ఇస్తున్నాను, చేసేదాకా కింది జవాబులను చేత్తో మూసి ఉంచండి. మొదటిది 21/40 × 16/35. రెండోది 4⅔ × 2¼. మూడోది 187/221 ను సూక్ష్మ రూపంలో రాయడం. నాలుగోది, ఎకరంలో ఎనిమిదింట మూడు వంతుల స్థలం ఉన్న వ్యక్తి అందులో మూడింట రెండు వంతుల్లో మల్లెతోట వేస్తే ఆ తోట ఎన్ని సెంట్లు, ఎన్ని గుంటలు?

మొదటిదానిలో 21, 35 ఏడో ఎక్కంలోనూ, 16, 40 ఎనిమిదో ఎక్కంలోనూ పోయి 3/5 × 2/5 = 6/25 వస్తుంది. రెండోదానిలో 14/3 × 9/4 అని మార్చుకుంటే, 14, 4 పోయి 7, 2, అలాగే 9, 3 పోయి 3, 1 మిగులుతాయి. జవాబు 21/2, అంటే 10½. మూడోదానిలో తేడా 34, అందులో రెండు పనికిరాదు కాబట్టి మిగిలింది పదిహేడు, జవాబు 11/13. నాలుగోదానిలో 3/8 × 2/3 = 1/4 ఎకరం, 25 సెంట్లు లేదా 10 గుంటలు.